జైలు నేపథ్యపు జాంబీ చిత్రాలు

జైలు నేపథ్యపు జాంబీ చిత్రాలు అనగా కథ అంతా గాని, అందులో అధికభాగం గాని ఒక కారాగారంలో జరిగే స్వల్పవ్యయ భయానక చిత్రాలు. వీటిలో చనిపోయి తిరిగి లేచిన శవాలో, వింత వ్యాధి సోకి తెలివి కోల్పోయిన మనుషులో జైలు గోడల మధ్య చిక్కుకున్న ఖైదీలపైన, కాపలావారిపైన దాడి చేస్తారు. ఈ చిత్రాలు ప్రధానంగా అమెరికాలో తయారయ్యాయి. 1980ల చివరి నుండి వీడియో క్యాసెట్ల ద్వారాను, 2000 తరువాత డీవీడీలు, టెలివిజన్ ఛానెళ్ళ ద్వారాను ఇవి ప్రేక్షకులకు చేరాయి. కళాఖండాలుగా వీటికి పేరు లేదు. అయినప్పటికీ, అమెరికా జైళ్ళలో నిజంగా జరిగిన వైద్యప్రయోగాలకు ఈ కథలతో దగ్గరి పోలిక ఉండడం వల్ల సినిమా చరిత్ర చదివేవారికి ఇవి ఆసక్తి కలిగిస్తాయి.

జాంబీ అనే భావన

జాంబీ తెలుగువారికి తెలిసిన దయ్యం వంటిది కాదు. దయ్యానికి శరీరం ఉండదు. బేతాళుడు శవాన్ని ఆవహించినా మాట్లాడగలడు, కథలు చెప్పగలడు, ప్రశ్నలు వేయగలడు. జాంబీకి శరీరం మాత్రమే ఉంటుంది. మాట, జ్ఞాపకం, ఇచ్ఛ ఉండవు. తెలుగులో జీవచ్ఛవం అనే మాట దీనికి దగ్గరగా ఉంటుంది.

ఈ భావన కరీబియన్ సముద్రంలోని హైతీ దేశపు జానపద విశ్వాసాలలో పుట్టింది. హైతీ ఒకప్పుడు ఫ్రెంచివారి వలసరాజ్యం. అక్కడి చెరకుతోటలలో ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలు పనిచేసేవారు. చనిపోయినవారిని మాంత్రికుడు లేపి, తన పొలంలో జీతం లేకుండా చాకిరీ చేయించుకుంటాడని అక్కడివారి నమ్మకం. కాబట్టి మొదటి జాంబీ మనుషులను తినే రాక్షసి కాదు, చచ్చిన తరువాత కూడా విడుదల దొరకని బానిస.

1915 నుండి 1934 వరకు హైతీ అమెరికా సైన్యపు అధీనంలో ఉన్నది. ఆ కాలంలో విలియం సీబ్రుక్ వ్రాసిన ది మ్యాజిక్ ఐలాండ్ (1929) అనే పుస్తకం ద్వారా ఈ కథలు అమెరికన్ పాఠకులకు తెలిశాయి. 1932లో విక్టర్ హాల్పెరిన్ దర్శకత్వంలో వచ్చిన వైట్ జాంబీ చిత్రంలో జాంబీలు చెరకుమిల్లులో గానుగ త్రిప్పుతూ కనిపిస్తారు.

ఈనాడు అందరికీ తెలిసిన నరమాంసభక్షక జాంబీని జార్జ్ రొమేరో తన నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ (1968) చిత్రంతో ప్రవేశపెట్టాడు. విశేషమేమంటే ఆ చిత్రంలో జాంబీ అనే మాట ఎక్కడా వినబడదు. సుమారు 1,14,000 డాలర్ల ఖర్చుతో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక పాత ఇంటి చుట్టూ తీసిన ఈ చిత్రం పెద్ద విజయం సాధించింది. కొద్దిమంది మనుషులు ఒకచోట తలుపులు మూసుకొని ఉండడం, బయట శవాలు గుమిగూడడం అనే కథాక్రమం అప్పటినుండి చిన్న నిర్మాతలకు నమూనా అయింది. రొమేరో తానే తరువాతి చిత్రాలలో ఆ స్థలాన్ని మార్చాడు. డాన్ ఆఫ్ ది డెడ్ (1978) ఒక షాపింగ్ మాల్‌లోను, డే ఆఫ్ ది డెడ్ (1985) భూగర్భ సైనికస్థావరంలోను జరుగుతాయి. ఇతర దర్శకులు ఎంచుకున్న స్థలాలలో జైలు ఒకటి.

జైలును ఎంచుకొనుటకు కారణాలు

మొదటి కారణం ఖర్చు. కథ ఒకేచోట జరిగితే నటవర్గాన్ని, సామగ్రిని ఊరూరా తిప్పనవసరం లేదు. ఒక వసారా, నాలుగైదు జైలుగదులు, ఒక భోజనశాల ఉంటే సినిమాలో సగం పూర్తవుతుంది. ఖైదీలందరూ ఒకే రకపు దుస్తులు ధరిస్తారు కాబట్టి కొద్దిమంది చిన్ననటులనే మళ్ళీ మళ్ళీ చూపి పెద్ద గుంపుగా నమ్మించవచ్చును. మసక వెలుతురు జైలులో సహజమే కాబట్టి మేకప్పులోని లోపాలు కూడా అంతగా కనబడవు.

రెండవ కారణం మూతబడిన పాత జైళ్ళు. అమెరికాలో 19వ శతాబ్దంలోను, 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోను కట్టిన పెద్ద కారాగారాలు అనేకం 1970 తరువాత వాడుక నుండి తొలగించబడ్డాయి. ఫిలడెల్ఫియాలోని ఈస్టర్న్ స్టేట్ కారాగారం 1971లోను, వయోమింగ్ రాష్ట్రంలోని రాలిన్స్ జైలు 1981లోను, ఒహాయో రాష్ట్రంలోని మాన్స్‌ఫీల్డ్ జైలు 1990 చివరిలోను మూతబడ్డాయి. పెచ్చులూడిన గోడలు, తుప్పుపట్టిన ఊచలు కలిగిన ఇటువంటి భవనాలు దొరికినప్పుడు సెట్టు వేయవలసిన పని ఉండదు. రెనీ హార్లిన్ దర్శకత్వంలో 1988లో విడుదలైన ప్రిజన్ అనే దయ్యం సినిమాను రాలిన్స్ జైలులోనే తీశారు.

మూడవ కారణం కథకు సంబంధించినది. మామూలు జాంబీ చిత్రంలో పాత్రలు ఒక ఆశ్రయాన్ని వెదకి, తలుపులకు మేకులు కొట్టుకోవాలి. జైలులో తలుపులు ముందే మూసి ఉంటాయి, కాని తాళంచెవులు లోపలివారి చేతిలో ఉండవు. కాపలావాడు పారిపోయినా, చనిపోయినా గదిలోని ఖైదీకి ఊచల వెనుక నిలబడి చూడడం తప్ప వేరే దారి లేదు. ఆపద వచ్చినప్పుడు ఆ తలుపు తెరవాలా వద్దా అనే ప్రశ్న చుట్టూ ఈ చిత్రాలలోని ముఖ్యమైన సన్నివేశాలు నడుస్తాయి.

పూర్వగాములు

మరణశిక్ష పొందిన ఖైదీ తిరిగి లేవడం అనే కథ హాలీవుడ్‌కు పాతదే. మైకేల్ కర్టిజ్ దర్శకత్వంలో వచ్చిన ది వాకింగ్ డెడ్ (1936) చిత్రంలో బోరిస్ కార్లాఫ్ చేయని హత్యకు విద్యుత్ కుర్చీలో ప్రాణం కోల్పోయిన అమాయకుడుగా నటించాడు. ఒక శాస్త్రజ్ఞుడు అతనిని బ్రతికించగా, అతడు తనపై నేరం మోపినవారి ఎదుటకు వెళ్ళి నిలబడతాడు. జాక్ పాలెక్స్‌ఫెన్ తీసిన ఇన్‌డిస్ట్రక్టిబుల్ మ్యాన్ (1956) చిత్రంలో శాన్ క్వెంటిన్ జైలులో మరణశిక్ష అమలైన దొంగ శవాన్ని ప్రయోగం కొరకు చాటుగా కొంటారు. లోన్ చేనీ జూనియర్ ఆ పాత్ర ధరించాడు. ఖైదీ శరీరంపై అతనికి హక్కు లేదన్న భావం ఈ రెండు కథలకూ మూలం.

ముఖ్యమైన చిత్రాలు

జాంబీ డెత్ హౌస్ (1988): నటుడు జాన్ శాక్సన్ దర్శకత్వం వహించిన చిత్రం. డెత్ హౌస్ అనే పేరుతో కూడా పిలువబడుతుంది. మరణశిక్ష పడిన ఖైదీలపై ఒక సైనికాధికారి రహస్యంగా ప్రయోగాలు చేయించగా, వ్యాధి జైలంతటా వ్యాపిస్తుంది. అన్యాయంగా శిక్ష పడిన ఒక మాజీ సైనికుడు కథానాయకుడు.

బియాండ్ రీఎనిమేటర్ (2003): బ్రయాన్ యూజ్నా దర్శకత్వంలో స్పెయిన్‌లో నిర్మించబడిన చిత్రం. అమెరికన్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ 1922లో వెలువరించిన కథ ఆధారంగా మొదలైన చిత్రపరంపరలో ఇది మూడవది. శవాలను బ్రతికించే మందు కనిపెట్టిన హెర్బర్ట్ వెస్ట్ పదమూడేళ్ళుగా జైలులో ఉంటాడు. అక్కడికి ఉద్యోగానికి వచ్చిన యువవైద్యుడు ఆ మందును అతనికి అందజేస్తాడు. చచ్చిన ఖైదీలు, క్రూరుడైన జైలు అధికారి ఆ ప్రయోగానికి వస్తువులవుతారు. చివరకు జైలులో తిరుగుబాటు చెలరేగుతుంది. వెస్ట్ పాత్రను మొదటి రెండు చిత్రాలలో వలెనే జెఫ్రీ కోంబ్స్ పోషించాడు. ఈ జాబితాలో కాస్త హాస్యం కలిసిన చిత్రం ఇదే.

డెడ్ మెన్ వాకింగ్ (2005): చౌకచిత్రాలకు పేరుపడిన ది అసైలమ్ సంస్థ నిర్మించినది. దర్శకుడు పీటర్ మెర్విస్. వ్యాధి సోకిన ఒక నేరస్థుణ్ణి కట్టుదిట్టమైన జైలుకు తీసుకురావడంతో అది లోపల వ్యాపిస్తుంది. మరణశిక్ష పడిన ఖైదీని గురించి అమెరికా జైళ్ళలో వాడే ఒక పలుకుబడి నుండి దీనికి పేరు వచ్చింది.

షాడో: డెడ్ రయట్ (2006): దర్శకుడు డెరెక్ వాన్. మరణశిక్ష పొందిన హంతకుడుగా టోనీ టాడ్ నటించాడు. ఆ శిక్ష అమలైన రోజున జరిగిన అల్లర్లలో చనిపోయినవారిని జైలు ఆవరణలోనే పూడ్చిపెడతారు. ఏళ్ళ తరువాత అది మహిళల జైలుగా మారినప్పుడు ఆ శవాలు లేస్తాయి.

రైజ్ ఆఫ్ ది జాంబీస్ (2012): ఇది కూడా ది అసైలమ్ నిర్మించినదే. నిక్ లయన్ దర్శకత్వం వహించాడు. అమెరికాలోని సైఫై ఛానెల్‌లో ప్రసారమయింది. శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర సముద్రం మధ్యనున్న ఆల్కట్రాజ్ దీవిలో కొందరు తలదాచుకుంటారు. 1934 నుండి 1963 వరకు అక్కడ పేరుమోసిన ఫెడరల్ కారాగారం ఉండేది. ఎవరూ పారిపోలేరని పేరుపొందిన ఆ జైలు ఈ కథలో ఎవరూ లోపలికి రాలేని చోటుగా భావించబడుతుంది. కాని శవాలు నీటి మార్గాన వస్తాయి.

ఇదే ఆలోచనను రాబర్ట్ కిర్క్‌మన్ ఇంతకుముందే తన ది వాకింగ్ డెడ్ బొమ్మలకథలో 2004 నుండి విస్తారంగా వాడుకున్నాడు. దాని ఆధారంగా తీసిన టెలివిజన్ ధారావాహికలో 2012లో మొదలైన మూడవ భాగం జైలులో జరుగుతుంది. ఇది చౌక నిర్మాణం కాదు. అయినా జైలు, జాంబీ అనే జంట ప్రపంచమంతటా తెలియడానికి ఇదే ఎక్కువ కారణం.

సాధారణ లక్షణాలు

ఈ చిత్రాలలోని కథలు రెండు రకాలు. మొదటిదానిలో విపత్తు జైలు లోపల పుడుతుంది. కారణం అధికారుల ప్రయోగమో, పాతిపెట్టిన అన్యాయమో అవుతుంది. రెండవదానిలో విపత్తు బయట పుడుతుంది. బయటివారు రక్షణ కోసం జైలులోకి వస్తారు. మొదటి రకంలో గోడ శాపం, రెండవ రకంలో వరం. కథలోని పాత్రలు కూడా ఇంచుమించు ఒకటే: కఠినుడైన జైలు అధికారి, దయగల వైద్యుడు, నేరం చేయని ఖైదీ, నేరం చేసినా ఆపదలో తోటివారిని కాపాడే ఖైదీ. కాపలావాడు, ఖైదీ కలిసి పోరాడవలసి వచ్చినప్పుడు ఎవరు మంచివారన్న ముందటి లెక్క తారుమారవుతుంది.

వాస్తవ చరిత్రతో సంబంధం

జైలులో రహస్య ప్రయోగం అనేది రచయితల ఊహ మాత్రమే కాదు. ఇలినాయ్ రాష్ట్రంలోని స్టేట్‌విల్ జైలులో 1940లలో నాలుగు వందలకు పైగా ఖైదీలకు మలేరియా సోకించి మందులను పరీక్షించారు. ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలులో 1951 నుండి 1974 వరకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ ఆధ్వర్యంలో ఖైదీల చర్మంపై ప్రయోగాలు జరిగాయి. సబ్బులు, లేపనాలు మొదలుకొని డయాక్సిన్ వంటి విషపదార్థాల వరకు పరీక్షించారు. అమెరికా సైన్యం కొరకు మనస్సును కలతపెట్టే రసాయనాల పరీక్ష కూడా జరిగింది. ఖైదీలకు కొద్దిపాటి సొమ్ము ముట్టేది. వారిలో చాలామంది నల్లజాతివారు, పేదలు. శిక్ష పడక, కేవలం విచారణ కొరకు ఎదురుచూస్తున్నవారు కూడా వారిలో ఉన్నారు. జామీను కట్టడానికి డబ్బు కావలసినవాడు ఇచ్చిన అంగీకారాన్ని స్వేచ్ఛగా ఇచ్చినదని అనవచ్చునా అన్నది ఈ వ్యవహారంలో తేలవలసిన ముఖ్యప్రశ్న అయింది.

ఖైదీలపై పరిశోధనలను కట్టుదిట్టం చేస్తూ అమెరికా ప్రభుత్వం 1978లో నియమాలు చేసింది. హోమ్స్‌బర్గ్ ఉదంతాన్ని ఆలెన్ హార్న్‌బ్లమ్ తన ఏకర్స్ ఆఫ్ స్కిన్ (1998) గ్రంథంలో వివరంగా వెలుగులోకి తెచ్చాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు వైద్యకళాశాల 2021లోను, ఫిలడెల్ఫియా నగరపాలకులు 2022లోను క్షమాపణ చెప్పారు.

జాంబీ డెత్ హౌస్ వంటి చిత్రాలలో సైనికాధికారి, మందు, ఖైదీ అనే మూడు పాత్రలు ఈ చరిత్ర తెలిసినవారికి క్రొత్తగా అనిపించవు. హైతీ కథలోని బానిసకు, ఈ చిత్రాలలోని ఖైదీకి కూడా పోలిక ఉన్నది. ఇద్దరికీ తమ శరీరంపై తమకు అధికారం లేదు. అమెరికా రాజ్యాంగంలో బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ సవరణ (1865) కూడా నేరానికి శిక్షగా విధించిన నిర్బంధ చాకిరీని మినహాయించింది.

విమర్శ

నటన, సంభాషణలు, కృత్రిమ రక్తపాతం విషయంలో ఈ చిత్రాలు తరచు విమర్శకు గురయ్యాయి. మహిళల జైలు కథలలో అశ్లీలం ఎక్కువ అన్న ఆక్షేపణ ఉన్నది. ఖైదీల బాధను చూపుతూనే దానిని వినోదంగా అమ్ముతున్నాయన్నది మరింత బలమైన అభ్యంతరం. హింసాత్మక దృశ్యాల కారణంగా ఇవి చిన్నపిల్లలు చూడదగినవి కావు. వీటిని సమర్థించేవారు మాత్రం, పెద్ద చిత్రాలు సామాన్యంగా దూరంగా ఉంచే జైలు జీవితపు అన్యాయాలను ఈ చిన్న చిత్రాలు మొరటుగానైనా ముట్టుకున్నాయని అంటారు.

తెలుగులో

తెలుగు చిత్రసీమలో జాంబీ కథ ఆలస్యంగా ప్రవేశించింది. ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో తేజ సజ్జా కథానాయకుడుగా 2021 ఫిబ్రవరిలో విడుదలైన జాంబీ రెడ్డి తెలుగులో తొలి జాంబీ చిత్రంగా ప్రసిద్ధి పొందింది. దీని నేపథ్యం జైలు కాదు, రాయలసీమలోని ముఠాకక్షల పల్లె. పరాయి దేశపు భయానక కథను స్థానికంగా తెలిసిన హింసతో ముడిపెట్టడంలో మాత్రం ఇది అమెరికన్ జైలు చిత్రాలు అనుసరించిన పద్ధతినే పాటించింది.

ఇవి కూడా చూడండి

జాంబీ
హైతీ
జార్జ్ రొమేరో
నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్
ఆల్కట్రాజ్ దీవి
మరణశిక్ష
జాంబీ రెడ్డి