నెత్తి మీది కంతి

పానగల్‌లో ఇంకా ఎండ ఎక్కలేదు. ఉదయ సముద్రం కట్ట మీదుగా చల్లటి గాలి వస్తోంది. వాకిట్లో పీట మీద నాయనమ్మ, ఆమె వెనకాల మీరు. చేతినిండా కుంకుడు నురగ. జుట్టులో తిరుగుతున్న వేళ్లు నడినెత్తి దగ్గర ఆగిపోతాయి.

"జర మెల్లగ రుద్దు బిడ్డా, ఆడ కంతి ఉన్నది."

అది ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. మీ నాన్న పెళ్లినాటికే శనగగింజంత ఉండేదట. నొప్పి లేదు, దురద లేదు. దువ్వెన తగలకుండా చూసుకుంటూ ఇన్నేళ్లు గడిపేసింది. పోయిన ఎండాకాలం నుంచే అది నిమ్మకాయంత అయింది. పాయ తీసి చూస్తారు. పైన వెంట్రుకల్లేవు, చర్మం బిగుసుకుని మెరుస్తోంది. ఒక పక్క పగిలి రసి కారుతోంది.

"పసుపు పెడితే మానుతది తీ. దవాఖాన ఎందుకు?"

ఆమె మాట వినకండి. ఆటో ఎక్కించి నల్లగొండ తీసుకెళ్లండి.

డాక్టరు కంతిని రెండు వేళ్లతో పట్టి కదిపి చూస్తాడు, ఎముకకు అంటుకుందేమోనని. తర్వాత చెవుల వెనక, మెడ చుట్టూ గ్రంథుల కోసం తడుముతాడు. "ఎన్నాళ్ల నుంచి పెరుగుతున్నదమ్మా?" అసలు ప్రశ్న ఇదే. వెంట్రుక కుదురు పైపొరలో పుట్టే ఇలాంటి తిత్తులు నూటికి తొంభై తల మీదే వస్తాయి. దాదాపు అన్నీ నిరపాయం. అరుదుగా మాత్రం తిత్తి గోడ కణాలు లోపలికి పెరిగిపోతాయి. దాన్నే ప్రొలిఫరేటింగ్ ట్రైకిలెమ్మల్ ట్యూమర్ అంటారు. 1966లో విల్సన్ జోన్స్ వీటిని వేరుచేసి వివరించాడు. ఎక్కువగా అరవై దాటిన ఆడవాళ్లలోనే కనిపిస్తుంది. అందులోనూ కొన్నే క్యాన్సర్‌గా మారతాయి.

ఆపరేషన్ బల్ల మీద నాయనమ్మ మీ చెయ్యి వదలదు. మత్తుమందులో అడ్రినలిన్ కలిపి ఇస్తారు, నెత్తికి కత్తి తగిలితే నెత్తురు ఓ పట్టాన ఆగదు గనుక. సర్జన్ కంతి అంచున గీయడు. చుట్టూ సుమారు సెంటీమీటరు మంచి చర్మం కూడా కలుపుకుని గీస్తాడు. తల చర్మం అంతగా సాగదు, అందుకే తొడ నుంచి పలచటి పొర తెచ్చి అతుకుతాడు.

తీసిన ముక్క ఫార్మలిన్ డబ్బాలో ల్యాబుకు వెళ్తుంది. అక్కడ సన్నటి పొరలుగా కోసి, నీలం, గులాబీ రంగులు అద్ది మైక్రోస్కోపు కింద పెడతారు. పాథాలజిస్టు కళ్లు అంచుల వెంటే తిరుగుతాయి. కణాలు గీత గీసినట్టు ఆగాయా, పక్క కండలోకి చొరబడ్డాయా? మామూలు చర్మ క్యాన్సర్‌ను ఇదనీ, దీన్ని అదనీ పొరబడే ప్రమాదం ఇక్కడే ఉంది. తేల్చేది ఆ గాజుపలకే. పై నుంచి చూసి ఎంతటి డాక్టరూ చెప్పలేడు.

మీ ఇంట్లో ఎవరి నెత్తి మీదైనా పాత కంతి ఉన్నట్టుండి పెరిగినా, పగిలినా కాల్చనివ్వకండి, గిల్లనివ్వకండి. ఎక్కడ తీయించినా ఆ ముక్కను పారేయకుండా బయాప్సీకి పంపమని అడగండి. క్యాన్సరని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే సర్కారు దవాఖాన ఉంది. గాయం మానినా మెడ గ్రంథులు చూపించడానికి నాయనమ్మను మళ్లీ మళ్లీ తీసుకెళ్లండి.