కావలూరు కొండపై గ్రహశకలాల వేట

గుడియాత్తానికి దక్షిణంగా, నేరుగా కొలిస్తే సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, జవ్వాది కొండలలో కావలూరు అనే చిన్న గ్రామమున్నది. నాడు ఉత్తర ఆర్కాటు జిల్లాకు, నేడు తిరుపత్తూరు జిల్లాకు చెందిన ఆ గ్రామానికి వాణియంబాడి, ఆలంగాయం మీదుగా వెళ్ళాలి. సముద్రమట్టానికి సుమారు 725 మీటర్ల ఎత్తున అక్కడ వేణు బాప్పు ఖగోళ పరిశీలనాలయం నెలకొని ఉన్నది. హైదరాబాదు నిజామియా వేధశాల ఉద్యోగి కుమారుడైన బాప్పు స్వయంగా ఎంచుకున్న ఈ స్థలంలో 1968లో పరిశీలనలు మొదలైనవి.

అంతకు శతాబ్దం ముందే మదరాసు వేధశాలలో ఈ వేట ప్రారంభమయింది. 1861 ఏప్రిల్ 17న నార్మన్ పాగ్సన్ అక్కడ ఒక గ్రహశకలాన్ని కనుగొన్నారు. ఆసియా ఖండం నుండి కనుగొన్న మొదటిది కావడం వలన దానికి 'ఆసియా' అనే పేరే పెట్టారు. సూర్యుని చుట్టి రావడానికి దానికి సుమారు 3 సంవత్సరాల 9 నెలలు పడుతుంది. 1866లో ఆయనకు దొరికిన 'సిల్వియా'కు రెండు చిన్న చంద్రులు ఉన్నట్లు 2005 నాటికి గాని లోకానికి తెలియలేదు.

అయితే పాగ్సన్‌కు దక్కనిది కూడా ఒకటున్నది. 1872 నవంబరు 30న జర్మనీ నుండి క్లింకర్‌ఫ్యూస్ అనే శాస్త్రజ్ఞుడు ఆయనకు తంతి పంపి, బీలా తోకచుక్క కోసం ఆకాశంలో ఫలానా చోట వెదకమని కోరారు. పాగ్సన్ వెదకగా అక్కడ నిజంగానే ఒక తోకచుక్క కనిపించింది. రెండు దినాలు దాని స్థానాలను కొలిచారు. ఆపైన మబ్బులు కమ్మినవి. కక్ష్యను గణించడానికి కనీసం మూడు స్థానాలు తెలియాలి. మూడవది చిక్కలేదు గనుక అది ఏ తోకచుక్కో నేటికీ తేలలేదు. కంటికి కనబడటం వేరు, దాని దారి తెలియడం వేరు. ఈ శాస్త్రంలోని కష్టమంతా ఆ రెండవదానిలోనే ఉన్నది.

1885లో పాగ్సన్ 'వేరా'ను కనుగొన్న తరువాత భారతదేశం నుండి 103 సంవత్సరాలపాటు కొత్త గ్రహశకలం ఒక్కటీ దొరకలేదు. కావలూరులో ఆర్. రాజమోహన్ బృందం 'కల్కి' అనే పేరుతో, 45 సెంటీమీటర్ల ష్మిడ్ట్ దూరదర్శిని సాయంతో సౌరకుటుంబంలోని చిన్న వస్తువుల కోసం గాలింపు చేపట్టింది. ఒకే ఆకాశభాగాన్ని కొంత వ్యవధితో రెండుసార్లు ఫొటో తీసి పోల్చితే నక్షత్రాలు కదలవు, గ్రహశకలం మాత్రం జరిగి కనిపిస్తుంది. ఆ విధంగా 1988 ఫిబ్రవరి 17న దొరికిన శకలానికి 4130 అనే సంఖ్య, గణితమేధావి రామానుజన్ పేరు లభించినవి. ఆయన శతజయంతి గడచి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. అంగారక, గురుగ్రహాల నడుమ తిరిగే ఆ శకలం వలన భూమికి భయం లేదు.

భూమి సమీపానికి వచ్చేవాటి సంగతి వేరు. 1898లో కనుగొన్న ఎరోస్ వీటిలో మొదటిది. అది 643 దినాలకు ఒకసారి సూర్యుని చుట్టివస్తుంది. 1932లో కనబడిన అపోలో భూకక్ష్యను దాటి శుక్రుని కక్ష్య లోపలికి కూడా పోయి వస్తుంది. కక్ష్య సరిగా తేలకపోవడం చేత అది ఆకాశంలో తప్పిపోయి, తిరిగి 1973లో గాని దొరకలేదు. నలభై ఏళ్ళు!

2004 జూన్‌లో కనుగొన్న అపోఫిస్ కూడా మొదట రెండు రాత్రులే చిక్కి, డిసెంబరు వరకు మరల కనబడలేదు. సుమారు 340 మీటర్ల ఆ శిల 2029లో భూమిని ఢీకొనే అవకాశం 37లో 1 వంతు ఉన్నదని ఒక దశలో లెక్క తేలింది. అంతలో, అదే సంవత్సరం మార్చిలో తీసిన పాత చిత్రాలలో అది ఎవరూ గమనించకుండా పడి ఉన్నట్లు బయటపడింది. ఆ స్థానాలను కలిపి గణించగానే 2029 నాటి ప్రమాదం తొలగిపోయింది. 2021లో రాడార్ పరిశీలనల తరువాత రాబోయే నూరేళ్ళకూ భయం లేదని తేల్చారు. భూమి ఉపరితలానికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరంలో అది దాటిపోయే ఘడియ మన గడియారం ప్రకారం 2029 ఏప్రిల్ 14 తెల్లవారుజామున 3 గంటలు దాటిన తరువాత, తమిళ సంవత్సరాది నాడు.