గీతకు అవతలివాళ్ళు

ఈ వీధిలో ఇళ్ళే ఉండాలి, ఫ్యాక్టరీలు ఆ మూలే ఉండాలి అని ఊరికి గీతలు గీసే చట్టాన్ని జోనింగ్ అంటారు. మంచిదేగా! వంటింట్లోకి పొగ రాదు, పిల్లల నిద్ర చెడదు. కానీ దాని తొలి అడుగులు చూడండి. 1885లో కాలిఫోర్నియాలోని మొడెస్టో పట్టణం, లాండ్రీలన్నీ రైలుపట్టాలకు పడమట ఒక మూలే ఉండాలంది. ఆ మూల చైనావాళ్ళ పేట. లాండ్రీలు నడిపేదీ ఎక్కువగా వాళ్ళే. మన బట్టలు ఉతికిపెట్టాలి గానీ మన పక్కన ఉండకూడదన్నమాట! 1926లో ఒహాయోలోని యూక్లిడ్ గ్రామం కేసులో అమెరికా సుప్రీంకోర్టు జోనింగ్ సబబేనంది. విడి ఇళ్ళ మధ్య లేచే అపార్టుమెంట్లను పరాన్నజీవితో పోల్చింది. మరి అద్దెకుండేవాళ్ళు ఎక్కడికి పోవాలి? గీతే వద్దని నేననను. పొగను ఆపాల్సిన గీత మనిషిని ఆపితేనే బాధ.