ఇంజను కందెనకు పైమందు



ట్రాక్టరు గలవారును, బావియొద్ద ఆయిలింజను గలవారును నన్ను తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. పట్నమున విడిభాగముల దుకాణములలో చిన్న సీసాలు అమ్ముచున్నారు. ఇంజనాయిలులో కలిపినచో అఱుగుదల తగ్గునని, పొగ పోవునని, ఇంజను క్రొత్తదగునని వానిపై వ్రాసియుండును. అది పోయవచ్చునా, కూడదా? నేను యంత్రవేత్తను గాను, బడిపంతులను. అయినను ఒకసారి యీ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పి నష్టపడితిని. పిదప దీని పూర్వచరిత్ర చదివితిని. ఆ చదివినదే నేడు మనవి చేయుచున్నాను.

కందెన మనకు క్రొత్త గాదు. బండి యిరుసుకు వట్టి ఆముదము పూసినచో జారిపోవును. అందుచేత మన పెద్దలు వరిగడ్డి కాల్చి, ఆ మసిని ఆముదములో కలిపి కందెన చేసెడివారు. మసి నూనెను పట్టి నిలిపెడిది. కావున నూనెలో వేఱొక వస్తువు కలిపినంత మాత్రమున మోసమని యనరాదు. ఎవరు కలిపిరి, ఎంత కలిపిరి, కలిపి ఎట్లు పరీక్షించిరి అన్నదే విచారింపవలసినది.

రుడాల్ఫ్ డీజిలు 1858లో పారిస్ నగరమున పుట్టిన జర్మను వాడు. ఆయన ఇంజను 1897లో జర్మనీ దేశపు ఆగ్స్‌బర్గ్ పట్టణమున పరీక్షకు నిలిచి గెలిచినది. నిప్పురవ్వతో పనిలేక, గాలిని మిక్కిలి నొక్కి, ఆ వేడిమిచేతనే నూనె మండునట్లు చేయుట అందలి విశేషము. 1900 నాటి పారిస్ ప్రదర్శనమున అట్టి ఇంజనొకటి వేరుసెనగ నూనెతో నడిచినదని చెప్పినచో రాయలసీమ వారు సంతోషింతురు. కాని యది ఇంధనము మాట. మన ప్రస్తుతము కందెన.

నొక్కిన గాలి వేడిమియు, సరిగా మండని నూనె విడుచు మసియు, ఈ రెండును కందెనకు శత్రువులు. ఇంజనులు పెద్దవిగా, మెల్లగా తిరుగునవిగా ఉన్నంతకాలము వట్టి ఖనిజతైలముతోనే పని జరిగినది. 1931లో అమెరికాలోని కాటర్‌పిల్లర్ సంస్థవారు డీజిలు ట్రాక్టరును వెలువరించిరి. పొలములో దినమెల్ల బరువు లాగు ఇంజనులో ఆయిలు మాడి, పిస్టను రింగుల గాడులలో లక్కవలె గట్టిపడసాగెను. రింగులు బిగిసికొన్నచో క్రిందికి గాలి జాఱును, పైకి ఆయిలు ఎక్కి మండును, లాగుడు తగ్గును. అప్పుచేసి ట్రాక్టరు కొన్న రైతు అవస్థ మీకు నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

కాలిఫోర్నియాలోని స్టాండర్డ్ ఆయిలు వారు దీనికై పాటుపడి, 1935లో డెలో అను ఆయిలును తెచ్చిరి. అందు అల్యూమినియముతో చేసిన యొక విధమగు సబ్బు కలిసియున్నది. మసి కణములు ఒకదానికొకటి అంటుకొని పేరుకొననీయక, ఆయిలులోనే తేలియాడునట్లు పట్టియుంచుట దాని పని. ఆయిలు నల్లబడెను, పిస్టను శుభ్రపడెను. "పోసిన నాలుగు దినములకే నల్లబడినది, ఇది కల్తీ ఆయిలు" అని దుకాణదారునితో తగవు పెట్టుకొనువారు నేటికిని మన యూళ్లలో నున్నారు. పాపము, ఆ ఆయిలు తన పని తాను చేయుచున్నది! ఆ మసిని మోయగలిగినంత మోసిన పిమ్మట దానిని దించి క్రొత్తది పోయవలెను, అంతియ.

అయితే ఆ మందు ఒక రోగమును మాన్పి మఱొక దానిని తెచ్చినది. అట్టి తొలి ఆయిళ్లలో కొన్నిట, రాగియు సీసమును కలిపి చేసిన బేరింగులు తినబడిపోవుట కనబడెను. 1940 తరువాతి సంవత్సరములలో జింకు, గంధకము, భాస్వరము గల సమ్మేళన మొకటి చేర్చి ఆ దోషమును అణచిరి. బేరింగుల కొఱకు చేర్చిన యీ పదార్థమే లోహముల అఱుగుదలను గూడ తగ్గించునని పిదప తెలిసినది. నేటికిని డీజిలు ఆయిళ్లలో దానికి ప్రధానస్థానము. ఆయుర్వేద మెఱిగినవారికి ఇది వింత గాదు. యోగములో ఒక మూలికకు మఱొకటి విఱుగుడుగా నుండును. ఒక పాలు హెచ్చినను యోగము మాఱును.

ఈ యోగములను నోటిమాటపై నమ్మలేదు. ఒక్క సిలిండరు గల కాటర్‌పిల్లర్ ఇంజనును ఆ ఆయిలుతో 480 గంటలు నడిపి, విప్పి, గాడులను రింగులను చూచు పరీక్ష యొకటి యేర్పడెను. 1947లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూటు ఆయిళ్లను మూడు తరగతులుగా విభజించినది. తరువాత అక్షరములు వచ్చినవి. డబ్బాపై సి.ఎఫ్. 4, సి.ఐ. 4, సి.కె. 4 అని కనబడునవి యవియే. మనవారు డబ్బాపై బొమ్మను, ధరను చూతురు గాని ఆ రెండక్షరములను చూడరు. అవి యున్న ఆయిలు తన పాళ్లతో తాను పరీక్ష నెగ్గినది. దుకాణపు సీసా ఆ ఆయిలుతో కలిసి ఆ పరీక్షకు కూర్చున్నది కాదు.

సీసాల వ్యాపారమునకును చరిత్ర కలదు. ఆయిలు ఖర్చు తగ్గునని చేసిన ప్రకటనల విషయమున ఎస్.టి.పి. సంస్థ 1978లో అమెరికా ప్రభుత్వమునకు 5 లక్షల డాలర్ల జరిమానా కట్టెను. టెఫ్లాను కలిపిన స్లిక్ 50 అను మందు ప్రకటనలకు ఆధారము లేదని అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమీషను 1996లో అభియోగము తెచ్చెను; 1997లో రాజీ కుదిరినది. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నిబంధన వచ్చిన తరువాతి లారీలలో పొగగొట్టమునకు మసిని పట్టు జల్లెడ యుండును. లోహములు గల పైమందు కాలి బూడిదయై ఆ జల్లెడను పూడ్చును. అట్టి బండ్లు గలవారు మఱింత జాగరూకులై యుండవలెను.

ఇక నా సంగతి. కొన్ని యేండ్ల క్రిందట మా తమ్ముని ట్రాక్టరు నీలిపొగ విడువసాగెను. దుకాణమువా డొక సీసా నిచ్చెను. "చదివి చెప్పు మన్నయ్యా" అని వాడు నా చేతి కిచ్చినాడు. నేను కళ్లజోడు పెట్టుకొని చదివి, పోయు మంటిని. చిక్కని ద్రవము, పొగ వెంటనే తగ్గెను. నా పాండిత్యమునకు నేనే సంతసించితిని. పదునేను దినములకు, సరిగా దమ్ము చేయు వేళ, ఇంజను లాగుట మానెను. మెకానిక్కు విప్పి చూపగా రింగులు అఱిగిపోయినవి, లైనరు గీఱుకొనిపోయినది. అతడు ఎయిర్ క్లీనరు గిన్నెను ఊడదీసి నా యెదుట పెట్టెను. అందలి ఆయిలు బురదయై యుండెను. రెండు వేసవుల దుమ్ము ఆ దారినే ఇంజనులోనికి దూఱినది.

సీసా ఇంజనును చెఱిచినదని నేననను. పొగను చూచిన దినముననే ఆ గిన్నెను విప్పియుండవలసినది. సీసా మూలమున పదునేను దినములు విప్పలేదు. ఆ యేడు నాట్లు అద్దె ట్రాక్టరుతో, ఇరుగుపొరుగు వారికంటె వెనుక సాగినవి. తమ్ముడు నన్నొక్కమాటయు ననలేదు. మిగిలిన సగము సీసాను మాత్రము వాడు వీథి తలుపు బందులకు వాడుచున్నాడు. నే నెప్పుడు వారింటికి పోయినను ఆ తలుపు చప్పుడు లేకుండ తెఱచుకొనును.