పేరు వ్రాయని మృతులు: మలయా తోటలనుండి సయాము రైలుదారి వరకు

మన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను ఈ శుభతరుణమున చరిత్రవిషయక వ్యాసమొకటి వ్రాయుమని కార్యనిర్వాహకులు నన్నాజ్ఞాపించిరి. నేను కళాశాల మెట్లెక్కినవాడను కాను. లెక్కలు వ్రాయుట నా వృత్తి. భారత భాగవతములు చదువుకొనుట నా వ్యసనము. కావున లెక్కకు సంబంధించిన చరిత్రనే యెన్నుకొంటిని. తప్పులున్నచో పెద్దలు మన్నింతురుగాక.

భారతమున స్త్రీపర్వమునందొక ఘట్టము కలదు. యుద్ధము ముగిసినపిదప ధృతరాష్ట్రుడు మృతుల సంఖ్య యెంతయని ధర్మరాజు నడుగును. ధర్మరాజు సంఖ్య చెప్పును. అంతట నా వృద్ధరాజు, దిక్కులేని శవముల గతి యేమని ప్రశ్నించును. నానాదేశములనుండి వచ్చి, అయినవారెవ్వరును లేక పడియున్నవారిని ప్రోగుచేయించి, ధర్మరాజు ఆజ్ఞచే విదురుడు దహనము చేయించెను. గెలిచినవాడు మొదట చేయవలసిన పని చచ్చినవారిని లెక్కించుటయని ఈ ఘట్టమువలన నేను గ్రహించితిని. ఇరువదవ శతాబ్దమున ఆ ధర్మము తప్పిన సందర్భమొకటి చెప్పెదను. అందు మన భాష మాటలాడువారును కలరు.

మలయాలో రబ్బరు తోటలు విస్తరించిన కాలమున దక్షిణ భారతమునుండి కూలీలు లక్షలకొలది ఓడలెక్కిరి. తమిళులు అధికసంఖ్యాకులు, విశాఖపట్టణము, చిత్తూరు మొదలగు సీమల తెలుగువారు కొందరు. 1910లో ఒప్పందపు కూలి పద్ధతి రద్దుకాగా కంగాణీ పద్ధతి ప్రబలెను. తోటలో పనిచేయు మేస్త్రీయే స్వగ్రామమునకు వచ్చి, తనవారిని తోడ్కొనిపోవుట దాని లక్షణము. మద్రాసు చెంత ఆవడిలోను, నాగపట్టణములోను వారికి శిబిరములుండెడివి. సముద్రము దాటినపిదప పినాంగు నొద్ద జెరెజాక్ ద్వీపమున, రోగమేమైన నున్నదేమోయని కొన్నాళ్లు నిలిపియుంచెడివారు. కూలీవెంట మశూచి, కలరా వచ్చునని దొరల భయము. ఆ భయము నిరాధారము కాదు. కాని ఆరోగ్యముతో దిగిన కూలీకి తోటలో నేమగుచున్నదని చూచినవారు తక్కువ. అడవి నరికి కొండవాగులను ఎండకు తెరవగా, ఎండతగులు నీటనే పెరుగు దోమజాతి యొకటి విజృంభించి చలిజ్వరమును వ్యాపింపజేసెను. ఆ శతాబ్దపు తొలి దశాబ్దములో కొన్ని తోటలందు ఏటా 1000 మందికి 200కు పైబడి మరణించిరి. క్లాంగ్ పట్టణమున మాల్కం వాట్సన్ అను వైద్యుడు 1901 మొదలుకొని చిత్తడినేలల నీరు తీయించి జ్వరమును తగ్గించి చూపెను. రోగము కూలీ శరీరమందు గాక, కూలీని ఉంచిన చోటునందు కలదని తేలెను.

ఆ తోటలలో తండ్రి రబ్బరుపాలు గీయును. తల్లి కలుపు తీయును. పిల్లలును కలుపులోను, చిప్పలలో నెండిన రబ్బరు ఏరుటలోను కూలికి నిలిచెడివారు. పదిమంది పిల్లలున్న తోటలో బడి పెట్టవలెనని 1923 నాటి చట్టము చెప్పెను. కాని అర్ధకూలి వచ్చు బిడ్డను బడికి పంపుట పేదయింట నెంత కష్టమో మనకు తెలియనిది కాదు.

1941 డిసెంబరులో జపాను సేనలు మలయాలో దిగెను. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లోబడెను. రబ్బరు కొనువారు లేకపోయిరి. తోటలలో పని నిలిచెను, బియ్యము కరవయ్యెను. అదే సమయమున జపానువారు సయామునుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుదారి వేయ నిశ్చయించిరి. అరువది వేలకు పైగా యుద్ధఖైదీలను పనికి పెట్టిరి. వారు చాలక బర్మానుండియు, జావానుండియు, మలయా తోటలనుండియు కూలీలను రావించిరి. మూడు నెలల పనియనియు, మంచి కూలియు తిండియు నిత్తుమనియు చాటించిరి. ఆకలిగొన్నవారు నమ్మిరి, కొందరు భార్యాబిడ్డలతో బయలుదేరిరి. పోయినవారు తిరిగిరాకపోగా, మిగిలినవారిని బలవంతముగా పట్టిరి. ఉచితముగా సినిమా చూపుదుమని పిలిచి, తలుపులు మూసి లారీల కెక్కించిరని బ్రతికి వచ్చినవారు చెప్పిరి. ఈ విధముగా మలయానుండి పోయినవారు 75,000కు తక్కువ కారు.

1943 మే నెలలో వానలతోపాటు నది యెగువ శిబిరములలో కలరా పుట్టెను. ఒకే వ్యాధి, ఒకే నది. కాని ఫలితము వేరు. ఖైదీలలో వైద్యులుండిరి. నీరు కాచి త్రాగవలెననియు, తిను గిన్నెను మరుగునీట ముంచవలెననియు వారు కట్టడి చేసిరి. వెదురు గొట్టములతో పనిముట్లు కల్పించుకొని రోగి నరములకు ఉప్పునీరెక్కించిరి. అయినను వారిలో పెక్కురు మరణించిరి. కూలీల గుడిసెలలో ఆ కట్టడి చేయువాడు లేడు. కాలకృత్యములకు నదియే, త్రాగుటకును నదియే. కూలీల భాష కావలివానికి తెలియదు. కావలివాని భాష కూలీలకు తెలియదు. భయపడి అడవినిబడి పారిపోయినవారు వ్యాధిని మరియొక శిబిరమునకు కొనిపోయిరి. ఆ యేడు జూను, ఆగస్టు నెలలలో ఖైదీలైన వైద్యులను కొందరిని కూలీల శిబిరములకు పంపిరి. కాని వారి చేత మందులు లేవు. 1943 అక్టోబరు 17న రైలుదారి రెండు కొసలు కలిసెను.

ఇక లెక్క చూడుడు. ఖైదీల అధికారులు ప్రాణములకు తెగించి మృతుల చిట్టాలు రహస్యముగా వ్రాసి దాచిరి. చచ్చినవారు 12,000కు పైగా. కాంచనబురి శ్మశానములో సుమారు 7,000 సమాధులు కలవు. పెక్కింటిపై పేరు, వయస్సు, దళము చెక్కబడియున్నవి. కూలీలలో చచ్చినవారో, 80,000 మొదలు 1,00,000 వరకని అంచనా. ఆ రెండంకెల నడుమ 20,000 ప్రాణములు కలవు! మా వృత్తిలో ఒక రూపాయి తేడా వచ్చిన రాత్రి నిద్రపట్టదు. ఇరువదివేల మంది తేడా వచ్చినను లోకమునకు నిద్రపట్టినది. 1990లో కాంచనబురి చెంత నేల త్రవ్వగా వందలకొలది మనుష్యుల ఎముకలు బయల్పడెను. అవి ఆసియా కూలీలవని చెప్పిరి. ఏ యెముక ఏ తల్లిబిడ్డదో చెప్పగలవారు లేరు. అచ్చట విదురుడు లేకపోయెను.

ఇది పరదేశపు గతమని యూరకుండవలదు. 2020లో కరోనా కాలమున దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు, తెలంగాణ మిరపతోటలకు కూలికి వచ్చిన 12 ఏండ్ల బాలిక యొకతె ఛత్తీస్‌గఢ్‌లోని తన యూరికి నడచిపోవుచు దారిలో ప్రాణము విడిచెను. ఆమెకు కరోనా సోకలేదని పరీక్షలో తేలెను. మహమ్మారి సోకకయే చంపినది. ఆ యేడు సెప్టెంబరులో, ఇండ్లకు మరలుచు మృతినొందిన వలసకూలీల లెక్క తమయొద్ద లేదని కేంద్రప్రభుత్వము లోకసభలో చెప్పెను. 1943లో పరరాజు వ్రాయలేదు. 2020లో మన ప్రభుత్వమును వ్రాయలేదు.

పరదేశి, కూలీ, బాలుడు: ఈ మూడు గుణములలో ఒక్కటి యున్నను లెక్కలో పేరు జారును, మూడును కూడినచో పుట్టయే తెరవరు. లెక్కలేనిచోట పరిహారము లేదు, వైద్యుడు రాడు, మరుసటి మహమ్మారికి పాఠము మిగులదు. లెక్క వ్రాయుట దయకు మొదటి మెట్టని నా విశ్వాసము.

కావున గ్రంథాలయ పెద్దలకు ఒక మనవి. మన యూరినుండి పనికై వెడలినవారి పేళ్లును, మన పొలములకు పనికై వచ్చువారి పేళ్లును, వెంటనున్న బిడ్డల పేళ్లతో సహా, ఒక పుస్తకమున వ్రాయించి మన అలమారలో నుంచుడు. పాత ఉత్తరములున్నవారు తెచ్చి యిండు. ఖర్చు స్వల్పము. వ్రాతపని నేను ఉచితముగా చేసెదను. స్వర్ణోత్సవమునాటికి ఆ పుస్తకమును చదువువారు, వీరి నెవరో లెక్కించిరని తెలిసికొందురుగాక.