యౌవనమున దైవార్పణము: గుంటూరి కుగ్లరు దొరసాని

దైవచింతకు వార్ధకమే తగిన కాలమని మనలో ననేకులు తలంచెదరు. పిల్లల పెండ్లిండ్లు ముగిసి, పొలము కొడుకుల చేతికి వచ్చి, చూపు మందగించిన పిమ్మట పురాణము విప్పెదరు. ప్రహ్లాదుడు దైత్యబాలురకు జేసిన బోధ దీనికి విరుద్ధము. బైబిలునందలి ప్రసంగి గ్రంథమును యువజనుల కా మాటయే చెప్పుచున్నది. ఇరువురి గ్రంథములును చదువబడుచున్నవి, ఆచరణమే యరుదు. గుంటూరి చరిత్రమున దీనికి మంచి నిదర్శన మొకటి కలదు.

అన్నా సారా కుగ్లరు 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించెను. స్త్రీలు వైద్యము నేర్చుటయే వింతగా నున్న దినములలో, 1879లో, వైద్యపట్టము నొందెను. గుంటూరి మిషనరీ ఆడం రో గారి జాబు ఆమె మనస్సు నీ దేశమువైపు త్రిప్పెను. వైద్యురాలుగా బోవుదునని మిషను సంఘమువారి నడుగగా, వైద్యకార్యమున కింకను సిద్ధముగా లేమని వారు చెప్పిరి. ఆమె వెనుదీయలేదు. స్త్రీలకు బోధచేయు పనికే యొడంబడి 1883లో, 27వ యేట, గుంటూరు చేరెను. పని బోధనయే యైనను వైద్యమును విడువలేదు. తుదకు సంఘమువారే యామెను వైద్యమిషనరీగా నంగీకరించిరి. 1898లో 50 పడకల యాసుపత్రి తెఱవబడెను.

పాఠకు లీ లెక్క గమనింపవలెను. రాకకును ఆసుపత్రికిని నడుమ 15 ఏండ్లు. తెలుగు నేర్వవలెను, పురుషవైద్యుని యెదుటకు రాని స్త్రీల నమ్మకమును, వారిని వాకిలి దాటనీయని యత్తల నమ్మకమును సంపాదింపవలెను, విరాళములు కూడవలెను. ఇందు నమ్మకమనునది సొమ్ముతో త్వరపెట్టదగినది కాదు. ఆమె 50వ యేట వచ్చియుండినచో ఆసుపత్రి తలుపు తెఱచుసరికి 65 ఏండ్లు నిండియుండును. ప్రత్తి విత్తుట అదను తప్పినచో పిమ్మట నెంత యెరువు వేసినను ఫలము లేదని మా సీమ రైతు లెఱుగుదురు.

దీనికి విరుద్ధముగా దోచు నిదర్శనమును ఆ యూరనే కలదు. దాచుట న్యాయము కాదు. 1842లో గుంటూరున లూథరను మిషనును స్థాపించిన హెయ్యరు పాదిరిగారు 49వ యేట వచ్చిరి. 70 దాటిన పిమ్మట మరల వచ్చి రాజమహేంద్రవరమున పనిచేసిరి. కాని వారు 1820లోనే పాదిరిగా నభిషిక్తులైరి. మన మెఱిగినది వారి రెండవ యధ్యాయము మాత్రమే.

బాలురను నిర్బంధించి భక్తులను జేయుటను మేము మెచ్చము. కుగ్లరుగారిని ఎవరును పంపలేదు. తానే యడిగెను, కాదన్నను వచ్చెను. పెద్దలు చేయదగినది అడ్డు రాకుండుటయే. అదియే మనకు కష్టముగా నున్నది.

ఏలూరు జమీందారు రాజా భుజంగరావుగారు కృతజ్ఞతతో రోగుల బంధువులకై సత్రము కట్టించిరి. సర్కారువారు కైసరీహింద్ పతకము నిచ్చిరి. 1928లో ఆసుపత్రి చరిత్రమును ఆమెయే గ్రంథముగా వ్రాసెను. 1930 జూలై 26వ తేదీని, 74వ యేట, గుంటూరుననే కన్నుమూసెను. ఆ యాసుపత్రికి పిమ్మట ఆమె పేరే పెట్టిరి.