కోహ్, పహాడ్, గుట్ట: మనవాళ్లు నడిచిన దారులు

మా ఖాలా కొడుకు సైప్రస్‌లో చదువుకుంటున్నాడు. పోయిన చలికాలం వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. ఉప్పు నీళ్ల చెరువు. అందులో గులాబీ రంగు ఫ్లెమింగోలు, మన పులికాట్‌కు వచ్చేవాటి లాంటివే. వెనక ఖర్జూరపు చెట్ల మధ్య ఒక గుంబద్, ఒక మినార్. చెరువు పక్కనుంచి సన్నని కాలిబాట. "రోజూ సాయంత్రం ఇక్కడే నడుస్తున్నా భాయ్‌జాన్" అని రాశాడు.

ఎనిమిదో తరగతి చదివే మా బిడ్డ ఫొటో చూసి అడిగింది: "అబ్బా, అప్నే లోగాఁ పహాడాఁ నై చఢ్తే క్యా?" మనవాళ్లు గుట్టలెక్కరా, ఇలా నడవరా అని. వాళ్ల స్కూల్లో పిల్లల్ని ఆదివారం ట్రెక్కింగ్‌కు తీసుకెళ్తున్నారు. ఆ కాగితం మీద నా సంతకం కావాలి. ఇంట్లో పెద్దవాళ్లు "ఆడపిల్లకు గుట్టలెక్కే షౌక్ ఏంటి" అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ మొదట వద్దనే అన్నాను. తర్వాత ఆ ఫొటోనే మళ్లీ మళ్లీ చూస్తూ కూర్చున్నాను.

ఎందుకంటే ఆ గుంబద్ కింద ఉన్నది ఒక ఆడమనిషి. హజ్రత్ ఉమ్మె హరామ్ బిన్తె మిల్హాన్. హజ్రత్ అనస్ బిన్ మాలిక్‌కు ఖాలా, హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ భార్య. బుఖారీ షరీఫ్‌లో ఆమె ప్రస్తావన ఉంది. ఒకరోజు రసూలుల్లాహ్ (స) ఆమె ఇంట్లో కాసేపు నిద్రపోయి నవ్వుతూ లేచారు. తన ఉమ్మత్‌లో కొందరు సముద్రం మీద సఫర్ చేయడం చూశానన్నారు. నేనూ వాళ్లలో ఉండేలా దువా చేయండి అని ఆమె అడిగింది. ఉంటావు అన్నారు. హజ్రత్ ఉస్మాన్ ఖిలాఫత్‌లో, హిజ్రీ 28లో, అంటే 649 ప్రాంతంలో, ముస్లింల నౌకలు సైప్రస్‌కు వెళ్లినప్పుడు ఆమె కూడా వెళ్లింది. దీవి మీద సవారీ నుంచి జారిపడి వఫాత్ అయింది. అక్కడే దఫన్ చేశారు. తుర్కులు ఆ చోటును హాలా సుల్తాన్ తెక్కే అంటారు. మన 'ఖాలా' మాటే తుర్కీలోకి వెళ్లి మేనత్త అర్థంలో స్థిరపడింది. లార్నకా ఉప్పు చెరువు కాలిబాట మీద ఇవాళ దేశదేశాల వాళ్లు నడుస్తున్నారు. ఆ దారి పక్కనే ఒక సహాబియా పడుకుని ఉంది.

మరి మన దగ్గర? బిడ్డ సవాల్‌కు జవాబు నాకు మా నానీ మాటల్లో దొరికింది.

నానీది శాలిబండ. పహాడీ షరీఫ్‌కు వెళ్లడమంటే వాళ్ల జమానాలో రెండు రోజుల పని. ఎడ్లబండిలో దేగ్చీలు, బియ్యం, చాపలు వేసుకుని రాత్రి బయల్దేరేవాళ్లు. ఫజర్ వేళకు గుట్ట కింద దిగేవాళ్లు. ఆడవాళ్లు, పిల్లలు మెట్లెక్కి బాబా షర్ఫుద్దీన్ దర్గాలో ఫాతిహా చదివి, దిగి, రాళ్ల మధ్య పొయ్యి పెట్టి బగారా ఖానా వండుకునేవాళ్లు. బాబా 13వ శతాబ్దంలో ఇరాఖ్ వైపునుంచి దక్కన్‌కు వచ్చారని చెప్తారు. షాబాన్‌లో ఉర్స్. నానీ దీన్ని ట్రెక్కింగ్ అనలేదు, పిక్నిక్ అనలేదు. జియారత్ అంది. కానీ ఎక్కింది గుట్టే, నడిచింది కాళ్లతోనే. తన ఉమర్ మొత్తంలో ఇంటి గోడ దాటి ఆకాశం అంత పెద్దగా చూసింది అక్కడేనని చెప్పేది.

హైదరాబాద్ పేర్లు వింటేనే తెలుస్తుంది, ఇది గుట్టల షహర్ అని. కోహ్, పహాడ్, గుట్ట. ఫార్సీ, ఉర్దూ, తెలుగు మూడూ ఒక్క రాయి మీదే కూర్చున్నాయి. మొఘల్ జమానాలో నౌబత్ కొట్టి ఫర్మానాలు వినిపించిన చోటు నౌబత్ పహాడ్. దాని పక్కనే కాలా పహాడ్, 1976 నుంచి అక్కడ బిర్లా మందిర్ ఉంది. పాతబస్తీ దక్షిణాన ఉన్న గుట్టకు కుతుబ్‌షాహీల కాలం నుంచి కోహె తూర్ అని పేరు. హజ్రత్ మూసా ఎక్కిన పర్వతం పేరు అది. 1884లో అదే గుట్ట మీద వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమా మహల్‌కు పునాది వేశారు. 2010 నుంచి అది పెద్ద హోటల్. ఫలక్‌నుమా అంటే అందరికీ తెలుసు. ఆ గుట్ట పేరు కోహె తూర్ అని మన బస్తీ పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

వీటన్నిటిలో పెద్ద తారీఖ్ కోహె మౌలా అలీది. 1578లో, ఇబ్రహీం కుతుబ్ షా హయాంలో, యాఖూత్ అనే దర్బారు ఖిద్మత్‌గార్‌కు ఒక ఖ్వాబ్ వచ్చింది. గుట్ట మీద రాతిపై చెయ్యి ఆనించి హజ్రత్ అలీ కూర్చుని ఉన్నట్టు. తెల్లారి వెళ్లి చూస్తే రాతి మీద చేతి ముద్ర ఉందని రివాయత్. అప్పటినుంచి రజబ్ 17న జనం ఎక్కుతూనే ఉన్నారు. దాదాపు 500 మెట్లు. ఆసఫ్‌జాహీ కాలంలో నిజామ్ సవారీ కూడా ఏనుగుల మీద అక్కడికి కదిలేది. షియా, సున్నీ, హిందూ అన్న తేడా ఆ మెట్ల మీద ఎప్పుడూ లేదు.

ఆ గుట్ట పాదం దగ్గర మహ్‌లఖా బాయి చందా మఖ్బరా ఉంది. 1768లో పుట్టింది, 1824లో పోయింది. ఉర్దూలో దీవాన్ ఉన్న తొలి షాయిరాల్లో ఒకరు. ఆమె కడుపులో ఉండగా తల్లి రాజ్ కున్వర్ బాయికి రక్తస్రావమైందట. తండ్రి మౌలా అలీ గుట్టకు పరుగెత్తి అక్కడి దారం తెచ్చి నడుముకు కడితే బిడ్డ దక్కిందని ఖిస్సా. 1792లో ఆమె తల్లి కోసం అక్కడే మఖ్బరా, తోట, బావడి కట్టించింది. తనూ తల్లి పక్కనే పడుకుంది.

ఇక పడమటి వైపు. ఖాజాగూడ దగ్గర ఫఖ్రుద్దీన్ గుట్ట. ఐటీ కంపెనీల పిల్లలు ఇవాళ తాళ్లు, మెత్తటి పరుపులు తెచ్చి ఆ బండలెక్కుతున్నారు. సూర్యోదయం ఫొటోలు పెడుతున్నారు. ఆ గుట్టకు పేరు ఇచ్చిన బాబా ఫఖ్రుద్దీన్ ఔలియా దర్గా 1353 నాటిదని చెప్తారు. అంటే చార్మినార్‌కు 200 ఏళ్లకు పైగా ముందు. అదే గుట్ట మీద అనంత పద్మనాభ స్వామి గుడి కూడా ఉంది. హైటెక్ సిటీ కన్నా ముందే ఆ దారి ఫకీర్లది, పశువుల కాపర్లది.

ఆ బండల ఉమర్ 250 కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి గానీ ఎవరూ పేర్చలేదు. భూమి లోపల ఒకే రాయిగా ఉన్నప్పుడే పగుళ్లు వచ్చాయి. ఆ పగుళ్లలో నీళ్లు దిగి అంచుల్ని తినేసి గుండ్రంగా చేశాయి. చుట్టూ ఉన్న మట్టి వానలకు కొట్టుకుపోయాక రాళ్లు అలాగే నిలబడిపోయాయి. వీటిని కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. వాళ్లు రాళ్ల మధ్య నడకలు పెడతారు. ఇంగ్లీషులో 'రాక్ వాక్'. మా నానీ చేసిందీ అదే, పేరే వేరు.

బిడ్డకు ఇవన్నీ చెప్తూ ఒక సంగతి గమనించాను. షహర్ చుట్టూ లెక్కలేనన్ని గుట్టలు కంకరైపోయాయి. మన ఇళ్ల స్లాబుల్లో ఉన్నది ఆ రాయే, కాబట్టి రాయి కొట్టిన వడ్డెరల మీద నింద వేయడం జులుమ్. కానీ ఏ గుట్ట మిగిలిందో చూడండి. దర్గా ఉన్నది, గుడి ఉన్నది, ఏటా జనం ఎక్కుతున్నది. అవి కూడా పూర్తిగా మిగల్లేదు. ఒక పక్క తెగినవి ఉన్నాయి, కింద అంతా ఇళ్లు మూసేసినవి ఉన్నాయి. అయినా మెట్ల దారి బతికింది, మనుషులు నడవడం మానలేదు కాబట్టి.

నీళ్ల సంగతీ అంతే. లార్నకా ఊరికి నీళ్లు తేవడానికి 1746-47లో అక్కడి ఉస్మానీ గవర్నర్ బెకిర్ పాషా కమాన్ల కాలువ కట్టించాడు. ఉప్పు చెరువు కాలిబాట ఆ కమాన్ల దాకా వెళ్తుంది. ఆ ఊరివాళ్లు ఆ కట్టడాన్ని దాచుకున్నారు. మన పాతబస్తీకీ కమాన్లున్నాయి. 1804లో మొదలుపెట్టి రెండేళ్లలో పూర్తి చేసిన మీర్ ఆలమ్ చెరువు కట్ట 21 అర్ధచంద్రాకారపు కమాన్లతో నీళ్లకు ఎదురు నిలబడి ఉంటుంది. ప్రపంచంలో ఇలాంటి కట్టల్లో తొలివాటిలో ఒకటి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చేదాకా నూరేళ్లకు పైగా పాతబస్తీ తాగింది ఆ నీళ్లే. మనకు సముద్రం లేదు గానీ ఆ కట్ట ఉంది. జూపార్క్‌కు ఏటా వెళ్తాం. పక్కనే ఉన్న ఆ చెరువును ఎన్నిసార్లు నిలబడి చూశాం?

నేను రిపోర్టర్‌ను. గుట్టలు, చెరువులు, వక్ఫ్ జమీన్ల ఖబ్జాల మీద ఎన్నో వార్తలు రాశాను. ఫైళ్లు చదివాను, సర్వే నంబర్లు నోట్ చేసుకున్నాను. అందులో సగం చోట్లకు కాలుపెట్టలేదు. మన జాయదాద్ అని గొంతు చించుకునే మనలో చాలామంది పరిస్థితి ఇదే. రోజూ నడిచే మనిషికి నిన్న లేని కంచె ఇవాళ కనిపిస్తుంది. ఫైలు చదివే నాకు అది పదేళ్ల తర్వాత కనిపిస్తుంది.

స్కూలు కాగితం మీద సంతకం పెట్టాను. ఇంట్లో ఇంకా గొణుగుతున్న పెద్దవాళ్లకు ఉమ్మె హరామ్ ఖిస్సా చెప్పాను, నానీ ఎడ్లబండి గుర్తు చేశాను. మా అమ్మీ కాసేపు ఊరుకుని, "మోకాళ్లు నొప్పులు గానీ, పహాడీ షరీఫ్ నేను కూడా వస్తా" అంది.

వచ్చే జుమేరాత్ సెలవు పెట్టాను. చాప, నీళ్లు, ఒక దేగ్చీ తీసుకెళ్తాం. అమ్మీకి ఎన్ని మెట్లు చేతనైతే అన్ని ఎక్కుతుంది. మిగతావి మనవరాలు ఎక్కి, పైనుంచి ఏం కనిపించిందో దిగొచ్చి చెప్తుంది.